నోవై నుంచి కొండకి చేరని తలనీలాలు

ఆ రోజుల్లో, యవ్వనం అంటే దేన్నో ఒకదాన్ని ఎదిరించే వయసని వినడమే తప్ప, మా బ్యాచ్‌లో ఎవరమూ దేన్నీ ఎదిరించిన పాపాన పోలేదు. చదవమన్నది చదివాం, ఎక్కమన్న విమానం ఎక్కాం, నిలబడమన్న క్యూలో నిలబడ్డాం. అలాంటి నేను మిషిగన్ రాష్ట్రంలో నోవై అనే ఊళ్ళో ఏడాదిన్నర పాటు తిరుగుబాటుదారుగా చలామణీ అయ్యాను. ఆ వైభవంలో పోగొట్టుకున్నవాటిని ఇప్పుడు కూడి చూస్తే: దువ్వెనలు మూడు (రెండు విరిగాయి, మూడోది తలలోనే ఎక్కడో ఉండిపోయిందని మా రూమ్మేట్ ప్రచారం), పెళ్ళి సంబంధం ఒకటి (అమ్మాయి మేనమామ నన్ను చూడ్డానికి వచ్చి, కారు అద్దంలోంచే చూసి, కారు దిగకుండా వెళ్ళిపోయాడు), బాత్రూమ్ గొట్టం పూడిపోయినప్పుడల్లా ప్లంబర్‌కి ఇచ్చింది, ఆఫీసులో నా పేరు (అక్కడ నన్నందరూ 'ఆ జుట్టతను' అనే అనేవారు), చివరగా పది అంగుళాల జుట్టు. జుట్టు తప్ప మిగతావన్నీ ఎప్పుడో లెక్కలోంచి కొట్టేశాను. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. డిగ్రీలో నాది బోటనీ, ఆ తర్వాత కంప్యూటర్లు. బస్సు టికెట్ల వెనకా, కిరాణా పొట్లాల మీదా కూడికలు వేసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నవి కాబట్టి అంకెల మీద కాస్త మమకారం ఎక్కువ. చదివేవారు ఓపిక పట్టాలి.

కథ మా అక్కతో మొదలైంది. తెనాలిలో ఉండే మా అక్క నాకంటే పదేళ్ళు పెద్దది. నా తరఫున దేవుళ్ళతో ఒప్పందాలు కుదుర్చుకునే అధికారం పుట్టుకతోనే తనకు వచ్చిందని నమ్మే మనిషి. నన్ను అమెరికా తీసుకొచ్చిన కన్సల్టెన్సీ పరిస్థితి అంత బాగాలేదని ఒకసారి ఫోన్లో నోరు జారాను. నా వీసా గడువు ఇంకా ఏడాదిన్నర ఉంది. కానీ అక్కది ముందుచూపు. రెండో రోజే ఫోన్ చేసింది.

"ఒరేయ్, స్వామికి మొక్కేశాను. నీ వీసా పొడిగించేదాకా జుట్టుకి కత్తెర తగలకూడదు. అది రాగానే తిన్నగా కొండకి వచ్చి తలనీలాలు ఇచ్చుకోవాలి."

"నన్నడక్కుండా నా జుట్టు మీద మొక్కడమేంటే అక్కా?"

"నీ జుట్టా? చిన్నప్పుడు ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు చూసిందెవర్రా?"

 ఫోన్ పెట్టేసి లెక్క వేశాను. మనిషి జుట్టు నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది. అప్పటికి తల మీదున్నది మూడు అంగుళాలు. పద్దెనిమిది నెలలకి తొమ్మిది కలిస్తే పన్నెండు. అంటే భుజాలు. కాగితం మీద పన్నెండు అంత భయంకరంగా ఏమీ కనిపించలేదు. (కాగితం మీద అంకెలకి జిడ్డుండదు, చిక్కులుండవు.)

నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ ఒక పాత ఇంట్లో మేడ మీద అద్దెకుండేవాళ్ళం. అతను నాకంటే రెండేళ్ళు పెద్దవాడు కాబట్టి అన్న, నేను అతనికి తమ్మి. మా వీధిలో ఇళ్ళన్నీ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కుటుంబాల కోసం కట్టినవట. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు, ఒకే కొలత పచ్చిక. మా ఇల్లు మాత్రం వేరే. ఇంటావిడ ముందున్న పచ్చికంతా తవ్విపారేసి టమాటాలు, గుమ్మడి, చిక్కుడు పెట్టింది. ఉత్తరాల డబ్బా మీద పెద్ద పెద్ద పూల బొమ్మలేసింది. తెల్లటి జడ నడుం దాకా ఉండేది. చెప్పుల్లేకుండా తిరిగేది. మేం ఆవిణ్ణి పూలావిడ అనుకునేవాళ్ళం. ఆవిడకి అరవై, మాకు పాతిక చిల్లర. కానీ ఆ ఇంట్లో ముసలివాళ్ళం మేమే. శనివారం సాయంత్రాలు ఆవిడ తన ఈడు స్నేహితుల్ని పోగేసి గరాజ్‌లో గిటార్లు వాయిస్తూ పాడుతుంటే, మేం పైనుంచి దిగొచ్చి "మేడమ్, కొంచెం సౌండ్ తగ్గిస్తారా, పొద్దున్నే ఆఫీసుంది" అని బతిమాలుకునేవాళ్ళం. "శనివారం కదా, రేపు ఆఫీసేమిటి?" అని ఆవిడ అడిగితే, "అలవాటు మేడమ్" అని అన్న చెప్పేవాడు.

మొదటి ఆర్నెల్లూ ఆవిడ నన్ను అద్దె చెక్కు ఇచ్చే మనిషిగానే చూసింది. జుట్టు చెవులు దాటాక పేరు అడిగింది. మెడ మీదకి దిగాక ఏదో ఆకుల టీ ఇచ్చింది. భుజాన్ని తాకిన వారం నన్ను వంటింట్లో కూర్చోబెట్టి తన కథ చెప్పింది. (ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషే. నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను.)

"మా నాన్న యుద్ధం నుంచి ఒక్కటే నేర్చుకుని వచ్చాడు. వరస. ఇళ్ళు వరసగా ఉండాలి, పచ్చిక వరసగా ఉండాలి, పిల్లల తలలు వరసగా ఉండాలి. ఆదివారం పొద్దున గరాజ్‌లో స్టూలు వేసి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి మిషన్‌తో తల గొరిగేవాడు. అదే ఊపులో వెళ్ళి పచ్చిక కోసేవాడు. పంతొమ్మిదో ఏట వాడు ఒక ఆదివారం స్టూలు ఎక్కనన్నాడు. నాన్న అరవలేదు. 'ఆ స్టూలు ఎక్కనివాడికి ఈ ఇంట్లో కుర్చీ లేదు' అన్నాడు. అంతే. వాడు సంచీ భుజానేసుకుని వెళ్ళిపోయాడు. వారానికి నేనూ వెళ్ళిపోయాను. అప్పట్లో ఊరూరా ఇదే గొడవ. వీధిలో జుట్టు పెంచుకుని నడిస్తే కార్లు ఆపి మరీ తిట్టేవాళ్ళు."

"తర్వాత ఇంటికి వెళ్ళారా?"

"ఒకసారి వెళ్ళాను. నాన్న అంత్యక్రియలకి. స్టూలు అక్కడే ఉంది."

కాసేపు ఇద్దరం టీ తాగాం. అప్పుడావిడ నా జుట్టు వైపు చాలా ప్రేమగా చూసి, "నువ్వు ఎవరిని ఎదిరిస్తున్నావు?" అని అడిగింది.

"ఎవర్నీ కాదండీ," అన్నాను. నూటికి నూరుపాళ్ళు నిజం.

ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఎవర్నీ కాదు. అంటే అందర్నీ!" అని నా భుజం తట్టింది. ఆ శనివారం గరాజ్‌లో నన్ను తన స్నేహితులందరికీ "మన తర్వాతి తరం" అని పరిచయం చేసింది. తెల్ల గడ్డాల పెద్దమనుషులు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇది మా అక్క చేసిన ఏర్పాటండీ, దీని వెనక వీసా ఉందండీ అని చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఎవరో చేతికి డోలక్ లాంటిదేదో ఇచ్చారు. వాయించాను.

ఇక ఆఫీసు. కార్ల విడిభాగాల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం నాది. నా జీతం కన్సల్టెన్సీది, నా కుర్చీ ఆ కంపెనీది. కుర్చీ ఇచ్చిన మేనేజరు తల మీద జుట్టు అన్నివైపులా ఒకే ఎత్తులో, వాన పడ్డ మర్నాడు కోసిన పచ్చికలా ఉండేది. అన్న ఆయనకి లాన్ సార్ అని పేరు పెట్టాడు. మంచివాడే. కానీ నా జుట్టు పెరుగుతున్న కొద్దీ ఆయన చూపు నా మొహం మీద నిలవడం మానేసింది. ఏం చెప్పినా నా చెవి పక్కనున్న పాయతో చెప్పేవాడు. "ఈ రిపోర్ట్ శుక్రవారానికి కావాలి" అని ఎడమ పాయకి చెప్పి, "అర్థమైందా?" అని కుడి పాయని అడిగేవాడు. జుట్టు తరఫున నేను తల ఊపేవాణ్ణి.

వీసా పొడిగింపు దరఖాస్తు పెట్టే సమయం దగ్గరపడింది. దానికి ఆ కంపెనీ నుంచి "ఇతను మా దగ్గర పనిచేస్తున్నాడు, ఇంకా పని ఉంది" అని ఒక ఉత్తరం కావాలి. సంతకం పెట్టాల్సింది లాన్ సారే. అడిగితే ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, నా ఎడమ పాయని చూస్తూ, "వచ్చే గురువారం పెద్దాఫీసులో మన పని గురించి నువ్వే చెప్పాలి. అంకెలు నీకే బాగా తెలుసు. కానీ ఈ తలతో వద్దు. కటింగ్ చేయించుకుని రా. అది అయ్యాక ఉత్తరం మాట్లాడదాం," అన్నాడు.

కన్సల్టెన్సీ నడిపే అంకుల్‌కి ఫోన్ చేశాను. "చూడు బాబూ, లెటర్ లేకపోతే ఫైలింగ్ లేదు. ఫైలింగ్ లేకపోతే నువ్వు ఇక్కడ లేవు. సింపుల్. కటింగ్‌కి పైసల్లేకపోతే చెప్పు, జీతంలో పట్టుకుంటా," అన్నాడాయన.

అంటే లెక్క ఇలా తేలింది. వీసా వచ్చేదాకా జుట్టు తీయకూడదు. జుట్టు తీసేదాకా ఉత్తరం రాదు. ఉత్తరం వచ్చేదాకా వీసా రాదు. ఎటునుంచి మొదలుపెట్టినా మళ్ళీ నా తల దగ్గరికే వస్తోంది. నా జీవితంలో నాకు కొరుకుడుపడని సమీకరణం అదొక్కటే.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఇది అక్కకి తెలీదు. అప్పటికి ఆ జుట్టు మీద నాకు ఇష్టం పుట్టింది. సాయంత్రం హైవే మీద కారు అద్దాలు దించి వెళ్తుంటే జుట్టంతా గాలికి లేచి మొహాన కొట్టేది. ఆ పది నిమిషాలూ నేను ఎవరికీ తమ్ముణ్ణి కాదు, ఎవరి ఉద్యోగినీ కాదు. వీసా ఇంకో ఆర్నెల్లు ఆలస్యమైతే బాగుణ్ణని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాను. (అద్దాలు ఎక్కించగానే ఆ మాట వెనక్కి తీసుకునేవాణ్ణి.)

సమస్య పుట్టించిన అక్కే దారి చూపించింది. "ఏడవకు. పూజారిగారిని అడిగాను. కత్తిరించిన జుట్టు నేల మీద పడకుండా కవర్లో పట్టు. ఎవరైనా వస్తుంటే పంపు, మీ బావగారు కొండకి తీసుకెళ్ళి ఇచ్చేస్తారు. మిగిలిన గుండు నువ్వొచ్చాక."

పూజారిగారు నిజంగా అలా అన్నారో, అక్కే అనిపించిందో నాకిప్పటికీ తెలీదు. ఆ శుక్రవారమే అన్న తన చెల్లెలి నిశ్చితార్థానికి హైదరాబాద్ వెళ్తున్నాడు. ఇండియా వెళ్ళేవాడి సూట్‌కేస్‌లో నాలుగు కిలోలైనా ఇరికించకపోతే మనకి నిద్రపట్టదు కదా. అడిగాను.

"ఏంది తమ్మీ? చాక్లెట్లు పంపుతరు, ఫోన్లు పంపుతరు, నువ్వు బొచ్చు పంపుతవా? కస్టమ్స్‌ల ఆపి ఇదేందని అడిగితే ఏం చెప్పాలె?"

"దేవుడిదని చెప్పు అన్నా."

"దేవునిదైతే నెత్తి మీద పెట్టుకొని పోవాలె గాని, బనీన్ల నడుమ పెడ్తరా?" అని విసుక్కుని, చివరికి, "సరే తీ. జిప్‌లాక్ కవర్ల బెట్టు. రెండు కవర్లు," అన్నాడు.

సెలూన్‌లో కత్తిరించింది కత్తిరించినట్టే ఊడ్చేస్తారు. నేల మీద పడకుండా దోసిలి పట్టమంటే ఏమనుకుంటారో అని భయం. అందుకే బుధవారం సాయంత్రం కత్తెరా, కవరూ పట్టుకుని పూలావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ వెనక వరండాలో చిక్కుళ్ళు ఒలుస్తోంది. కత్తెర చూసింది, నన్ను చూసింది.

"నన్నా? నన్ను అడుగుతున్నావా?"

"ఉద్యోగం పోతుందండీ. ఉద్యోగం పోతే దేశం వదిలి పోవాలి."

"మా నాన్న కూడా అదే అన్నాడు. జుట్టు తియ్, లేకపోతే ఫో అని. ఇన్నేళ్ళ తర్వాత ఆ కత్తెర నా చేతికే ఇస్తున్నావా? చెయ్యను. రేపు మేమందరం మీ ఆఫీసు ముందుకొస్తాం. బోర్డులు పట్టుకుని నిలబడతాం. గరాజ్‌లో పాతవి ఉన్నాయి, అక్షరాలు మారిస్తే చాలు."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వీసా మీదున్నవాడి కోసం ఆఫీసు ముందు ధర్నా! ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను. అక్క, మొక్కు, స్వామి, తలనీలాలు, రెండు కవర్లు. ఆవిడ మొహం క్షణక్షణానికీ వాడిపోయింది.

"అంటే... మీ అక్క పెంచమంది కాబట్టి పెంచావు."

"అవునండీ."

"ఇప్పుడు మీ మేనేజర్ తీయమన్నాడు కాబట్టి తీస్తున్నావు."

"అవునండీ."

"ఇందులో నువ్వెక్కడున్నావు?"

నేను చేతిలోని కవరు చూసుకున్నాను. "కారులో అద్దాలు దించుకున్నప్పుడు ఉంటానండీ" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆవిడ చిక్కుడు గిన్నె పక్కన పెట్టి, కత్తెర అందుకుని, "స్టూలు మీద మాత్రం కూర్చోకు. మెట్ల మీద కూర్చో," అంది.

ఆవిడ కత్తిరింపు కత్తిరింపులా లేదు. ఒకచోట రెండు అంగుళాలు, ఒకచోట అర అంగుళం. వెనక ఎలా ఉందో అన్న చెప్పనన్నాడు. జుట్టంతా మాత్రం ఒక్క పోగు కింద పడకుండా కవర్లో పట్టాం. ఆ కవరు వరండాలో కుండీ మీద పెట్టి, పైకెళ్ళి రేపు చెప్పాల్సిన అంకెలు నెమరేసుకుంటూ పడుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

గురువారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పెద్దాఫీసుకి వెళ్ళాను. అది మా ఆఫీసు కాదు, ఇరవై నిమిషాల దూరంలో అద్దాల భవనం. గేటులో సెక్యూరిటీ ఆయన నా బ్యాడ్జీ తీసుకుని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ బ్యాడ్జీ చూశాడు. రెండు నెలల కింద తీసిన ఫొటో అది. అందులో ముక్కు తప్ప మిగతాదంతా జుట్టే. డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చాను. అందులో నేను అమెరికాలో దిగిన వారంలో ఉన్నాను, నున్నటి క్రాఫు, దిట్టమైన మీసం. ఇప్పుడు మీసం లేదు, క్రాఫూ క్రాఫులా లేదు.

"మూడు మొహాలున్నాయి. మనుషులు కూడా ముగ్గురేనా?" అన్నాడాయన, ఏమాత్రం కోపం లేకుండా.

 అంతకు ముందు ఏడాదే ఏదో కన్సల్టెన్సీ ఇంటర్వ్యూకి ఒకణ్ణి, ఉద్యోగానికి ఇంకొకణ్ణి పంపి పట్టుబడిందని అందరికీ తెలుసు. అనుమానం ఒక్కటి చాలు. ఉత్తరం కాదు కదా, కుర్చీ కూడా ఉండదు. ఆయన లాన్ సార్‌ని కిందకి పిలిపించాడు.

లాన్ సార్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "ఇతను మీవాడేనా?" అని సెక్యూరిటీ ఆయన అడిగాడు. లాన్ సార్ కళ్ళు అలవాటుగా నా చెవి పక్కకి వెళ్ళాయి. అక్కడేమీ లేదు. రెండో చెవి పక్కకి వెళ్ళాయి. అక్కడా లేదు. ఆర్నెల్లుగా ఆయన మాట్లాడింది జుట్టుతో. దాని మధ్యలో ఉన్న మొహంతో ఆయనకి పరిచయమే లేదు.

"గొంతు అలాగే ఉంది," అన్నాడు సందేహంగా. "కానీ..."

"సార్, నేనే సార్! మీరు చెప్పారనే కటింగ్ చేయించుకున్నాను సార్!"

"చెప్పానుగానీ... నిజంగా చేయించుకుంటావని అనుకోలేదు."

సెక్యూరిటీ ఆయన నవ్వి, "ఆ జుట్టుంటే పక్కన పెట్టి పోల్చి చూద్దుం," అన్నాడు, తమాషాకి.

"ఉంది సార్! కవర్లో ఉంది!"

ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

అన్నకి ఫోన్ చేశాను. అదృష్టవశాత్తూ సూట్‌కేస్ సర్దుకుంటూ ఇంట్లోనే ఉన్నాడు. "అన్నా, వెనక వరండాలో కుండీ మీద కవరుంది. అర్జెంటుగా పట్టుకురా."

అడుగుల చప్పుడు. తలుపు చప్పుడు. "కవరున్నది తమ్మీ."

"హమ్మయ్య."

"అండ్ల జుట్టు లేదు."

"ఏంటన్నా!"

"ఆగు... ముంగట తోటల ఆమె ఏదో చల్లుతున్నది. టమాటల సుట్టు. తమ్మీ, నల్లగున్నది."

"ఆపన్నా! ఆపు!"

ఫోన్లో అన్న పరుగు, అరుపులు, ఆవిడ అరుపులు. తర్వాత రొప్పుతూ, "మూడొంతులైపోయింది తమ్మీ. ఒక వంతు గిన్నెల ఉన్నది. మనిషి జుట్టు వాసనకి జింకలు రావంట, అందుకే ఏసిందంట. దేవుని వంతు రెండు కవర్లల పైకి తీస్కపోయినవ్, కుండీ మీద మిగిలింది ఎరువుకే పెట్టినవనుకున్నదంట. దేవునికి పంపేది వరండాల ఎందుకు పెడ్తవు తమ్మీ, అసలు నీకు..."

"అన్నా, తిట్టు తర్వాత. ఆ గిన్నె పట్టుకురా."

అరగంటకి అన్న కారు ఆగింది. గిన్నెతో దిగింది అన్న కాదు, పూలావిడ. మోకాళ్ళ దాకా మట్టి బూట్లు, నడుం దాకా తెల్ల జడ. అద్దాల తలుపు తోసుకుని వచ్చి, గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులో నా జుట్టు, కాస్త మట్టి, రెండు టమాటా ఆకులు.

"ఇతనే," అంది లాన్ సార్‌తో. "నిన్న సాయంత్రం నేనే కత్తిరించాను. నా జన్మలో ఇంకొకరి తలకి కత్తెర పెట్టింది అదొక్కసారే. మీరడిగారని ఇతను అడిగాడు, ఇతను అడిగాడని నేను చేశాను. సరిగ్గా చూసుకోండి."

లాన్ సార్ రెండు వేళ్ళతో ఒక పాయ తీశాడు. బ్యాడ్జీ ఫొటో పక్కన పెట్టాడు. తర్వాత నా చెవి పక్కన పెట్టాడు. అది అక్కడ చేరగానే ఆయన మొహంలో గుర్తింపు కనబడింది, పాత స్నేహితుణ్ణి చూసినట్టు. ఆ తర్వాత మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "అవును, ఇతనే," అన్నాడు.

పని అయిపోయింది. కానీ పాయ మాత్రం గిన్నెలో వెయ్యలేదు. ఆవిడ జడ వైపు చూస్తూ, మెల్లగా, "నాకూ పెంచుకోవాలని ఉండేది. పదిహేడేళ్ళప్పుడు. మా నాన్న..." అని ఆగాడు.

"గరాజ్‌లోనా?" అంది పూలావిడ.

"గరాజ్‌లోనే."

"స్టూలా?"

"ఎర్ర స్టూలు." ఆయన తన తల మీద అరచేత్తో ఒకసారి రాసుకున్నాడు. "నేను దిగలేదు."

ఆవిడ ఆయన భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసి తీసింది. చొక్కా మీద మట్టి వేళ్ళు పడ్డాయి. పైన మీటింగ్ అయ్యేదాకా ఆయన వాటిని దులుపుకోలేదు.

మీటింగ్‌లో అంకెలన్నీ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. చివర్లో ఒకాయన, "అంతా బాగుంది, ఇంతకీ ఆ జుట్టతను రాలేదా?" అని అడిగాడు. సాయంత్రానికి ఉత్తరం మీద సంతకం అయింది. మూడు నెలలకి వీసా పొడిగింపు వచ్చింది. ఆ మూడు నెలల్లో లాన్ సార్ తల మీద పచ్చిక కోత ఆగింది. చెవుల దగ్గర జుట్టు గుచ్చుకోవడం ఎప్పుడు మానుతుందని నన్ను చాటుగా అడిగేవాడు. నాలుగో నెల దాకా ఓర్చుకోమన్నాను. ఆయన మూడో నెలలోనే తీయించేశాడు. "బాగా దురద" అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ.

గిన్నెలో మిగిలిన పావు వంతునీ అన్న రెండు కవర్లలో పెట్టుకుని వెళ్ళాడు. కస్టమ్స్‌లో ఎవరూ ఆపలేదు. ఆపుతారేమోనని విమానం దిగిందగ్గర్నుంచీ "దేవునిది సార్, దేవునిది సార్" అని ప్రాక్టీస్ చేశాడట. అది కొండకి చేరింది. మిగిలిన ముప్పావు వంతు నోవైలో టమాటా మొక్కల చుట్టూ కావలి కాసింది. ఆ ఏడు ఒక్క జింక రాలేదు. కాపు విరగకాసింది. పూలావిడ రెండు బుట్టలు మా ఇద్దరికిచ్చింది. స్వామికి చేరాల్సింది చారులో తాగాను.

"మిగతాది ఎప్పుడిస్తావురా?" అని అక్క అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది. నేను కావాలని ఎగ్గొట్టింది కాదు. మొదటిసారి ఇండియా వెళ్ళింది పెళ్ళికి. గుండుతో పెళ్ళికొడుకేమిటని మామగారు ఒప్పుకోలేదు. రెండోసారి వెళ్తే పాస్‌పోర్టులో వీసా ముద్ర వేసే స్టాంపింగ్ ఇంటర్వ్యూలో మళ్ళీ ఫొటోకీ మొహానికీ తేడా వస్తుందని నేనే భయపడ్డాను. (ఒకసారి కాలినవాణ్ణి కదా.) ఆ తర్వాత పిల్ల పుట్టింది, ఇల్లు కొన్నాం, ఏళ్ళు గడిచాయి. ఇక ఇవ్వగలిగిన రోజు వచ్చేసరికి ఇవ్వడానికి సరుకు లేకుండా పోయింది. ఎవరూ కత్తెర పెట్టకుండానే, స్టూలు ఎక్కించకుండానే, నుదుటి నుంచి నడినెత్తి దాకా అదంతట అదే వెళ్ళిపోయింది.

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి సెలవులకి వచ్చింది. తలకి ఎడమవైపంతా నున్నగా గీయించుకుంది, కుడివైపు భుజాల దాకా నీలం రంగు. వాళ్ళమ్మ గుమ్మంలోనే కూలబడింది. వీడియో కాల్‌లో చూసి అక్క గుండెలు బాదుకుంది. "ఎంత పని చేశావే! ఆ సగమైనా కొండ మీద తీయించుకుని ఉంటే మీ నాన్న బాకీలో జమ అయ్యేది కదే!"

"బాకీ వాట్?" అంది మా అమ్మాయి. కథంతా చెప్పాను. పడీ పడీ నవ్వింది. ఆ కుడివైపు ఏమైనా... అని నేను నసగబోతే, "నో వే డాడీ. నా హెయిర్ నీ లోన్‌కి కొలాటరల్ కాదు. అత్త అడిగితే కూడా ఇవ్వను. నేను ఎవరికీ ప్రామిస్ చేయలే," అంది. అంత తేలిగ్గా, టీవీ చూస్తూ, చిప్స్ నములుతూ. ఆ మాట అనడానికి ఒకప్పుడు ఒకడు సంచీ భుజానేసుకుని ఇల్లు వదిలాడు. నాకు మాత్రం ఇరవై ఆరో ఏట అలాంటి మాట ఒకటుందనే తెలీదు.

మర్నాడు దాన్ని స్టోర్‌కి తీసుకెళ్తుంటే, హైవే ఎక్కగానే అద్దాలు దించింది. నీలం జుట్టంతా గాలికి లేచి దాని మొహాన కొట్టింది. నేనూ నా వైపు అద్దం దించాను. నెత్తి మీద చల్లగా తగిలింది, అంతే. చెయ్యి మాత్రం ఎందుకో చెవి పక్కకి వెళ్ళి, ఏదో సర్దబోయి, ఖాళీగా వెనక్కి వచ్చింది. అది చూసి మా అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "ఇంతకీ గాడ్‌కి ఎంత ఇవ్వాలి డాడీ? ఎగ్జాక్ట్‌గా?" అని అడిగింది.

అంకె అడిగితే నేను ఆగలేను. కత్తిరించింది పది అంగుళాలు. అందులో పావు వంతు జమ, అంటే రెండున్నర. అసలు ఏడున్నర. ఆయన అసలే వడ్డీకాసులవాడు, తనే వడ్డీ కడుతున్నవాడు, నాకు మాఫీ చేస్తాడని ఆశ లేదు. అక్క చక్రవడ్డీ అంటుంది కానీ నేను ఒప్పుకోలేదు. నూటికి నెలకి రూపాయి, మామూలు వడ్డీ, ఇరవై ఏళ్ళకి పద్దెనిమిది అంగుళాలు. అసలూ వడ్డీ కలిపి నేటికి ఇరవై ఐదున్నర అంగుళాలు.